బార్‌లో 92 శాతం, మానిటర్‌లో 45: ఏ లెక్క నమ్మాలి?

ప్రశ్న: ఈ మధ్యే విండోస్ వదిలి లినక్స్‌కి మారాను. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఐత్రీ విండో మేనేజర్ (తెర మీద విండోలను సర్దే ప్రోగ్రామ్). మెమరీ ఎంత ఖర్చవుతోందో ఎప్పుడూ కళ్ల ముందు ఉండాలని, నెట్‌లో దొరికిన ఒక చిన్న స్క్రిప్టును స్టేటస్ బార్‌లో పెట్టుకున్నాను. ఆన్ చేసినప్పుడు 30 శాతం చూపిస్తుంది. రెండు మూడు గంటల్లో 92కి చేరుతుంది. బ్రౌజర్ మూసేసినా పెద్దగా దిగదు. అదే సమయంలో సిస్టమ్ మానిటర్ తెరిస్తే 45 శాతమే అంటుంది. టెన్షన్ పడి, క్యాష్ ఖాళీ చేసే కమాండు గంటకోసారి దానంతటదే నడిచేలా పెట్టాను. అది నడవగానే అంకె దిగుతుంది, కాసేపటికి మళ్లీ ఎక్కేస్తుంది. మామూలుగా మెషిన్ బాగానే పనిచేస్తోంది. ఒక్కసారి మాత్రం వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్), బ్రౌజర్ రెండూ తెరిచి ఉండగా మొత్తం బిగుసుకుపోయింది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సి వచ్చింది. మిత్రుడు ర్యామ్ పెంచుకోమంటున్నాడు. పెంచాలా? బార్‌లో అసలు ఏ అంకె పెట్టుకోవాలి? ఎన్ని సెకన్లకోసారి మారాలి?

సమాధానం: ముందు ఆ గంటకోసారి నడిచే కమాండును తీసేయండి. మిగతా విషయాలు తర్వాత నిదానంగా చూసుకోవచ్చు. మీ ఉత్తరంలో మెషిన్‌కి నిజంగా నష్టం చేస్తున్నది అదొక్కటే.

ఎందుకో చెబుతాను. మీరు ఒక ఫైల్ తెరిచినా, ప్రోగ్రామ్ నడిపినా డిస్క్ మీంచి చదివిన ఆ సమాచారాన్ని కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) ర్యామ్‌లో అట్టేపెట్టుకుంటుంది. రెండోసారి అదే కావాలంటే డిస్క్ దాకా వెళ్లనక్కర్లేదు. దీన్నే పేజ్ క్యాష్ అంటారు. ర్యామ్ నుంచి ఒక ముక్క చదవడానికి సుమారు వంద నానోసెకన్లు పడితే, మంచి ఎస్‌ఎస్‌డీ నుంచి చదవడానికి పదుల మైక్రోసెకన్ల నుంచి వంద దాకా పడుతుంది. అంటే కొన్ని వందల రెట్ల నుంచి వెయ్యి రెట్ల దాకా తేడా. పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే మిల్లీసెకన్ల లెక్కలోకి వెళ్లిపోతాం. అందుకే కెర్నల్, ఎవరూ వాడుకోని ర్యామ్ కనిపిస్తే దాన్ని క్యాష్‌తో నింపేస్తుంది. ఏ ప్రోగ్రామైనా మెమరీ అడిగితే ఆ క్యాష్‌లోంచి కొంత వదిలేసి ఇచ్చేస్తుంది. డిస్క్ మీద ఉన్నదానికి నకలే కాబట్టి వదిలేయడానికి దానికి ఖర్చు దాదాపు ఉండదు. మీరు మార్చి ఇంకా డిస్క్ మీదకి ఎక్కని భాగాలైతే ముందు రాసి, ఆ తర్వాత వదులుతుంది.

ఇప్పుడు మీరు గంటకోసారి చేస్తున్నదేమిటి? అది కష్టపడి పోగుచేసినదంతా పారబోయిస్తున్నారు. ఆ తర్వాత మీరు తెరిచే ప్రతిదీ మళ్లీ డిస్క్ నుంచి రావాలి. అంకె దిగడం చూసి మనసు కుదుటపడుతుంది, మెషిన్‌కి మాత్రం పని రెట్టింపవుతుంది. ఈ డ్రాప్ క్యాషెస్ అనే సదుపాయం పరీక్షల కోసం ఉంది. డిస్క్ వేగం కొలిచేటప్పుడు క్యాష్ ప్రభావం లేకుండా చూసుకోవడానికి వాడతారు. పరీక్షలకీ, తప్పులు వెతకడానికీ తప్ప మామూలుగా వాడవద్దని కెర్నల్ డాక్యుమెంటేషనే చెబుతుంది. మెమరీని శుభ్రం చేస్తామని చెప్పుకునే యాప్‌లన్నీ, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా, ఇంచుమించు ఈ బాపతే. నా దృష్టిలో వాటిలో ఒక్కటి కూడా పెట్టుకోదగ్గది కాదు.

ఇక మీ మూల ప్రశ్న, ఏ లెక్క నమ్మాలి అన్నది.

లినక్స్‌లో బార్ ఏదైనా, మానిటర్ ఏదైనా, అన్నీ చదివేది ఒకే చోట: ప్రాక్ ఫోల్డర్‌లోని మెమ్‌ఇన్‌ఫో అనే ఫైల్. అది డిస్క్ మీద ఉండే ఫైల్ కాదు, చదవబోయినప్పుడు కెర్నల్ అప్పటికప్పుడు తయారుచేసి ఇచ్చే పట్టిక. అందులో మొత్తం మెమరీ ఎంత, పూర్తి ఖాళీ ఎంత, బఫర్లు ఎంత, క్యాష్ ఎంత, షేర్డ్ మెమరీ (ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునేది) ఎంత, స్వాప్ (ర్యామ్‌లో పట్టనిదాన్ని తోసిపెట్టే చోటు) ఎంత అని వరుసగా ఉంటాయి. దాచిందేమీ లేదు. గొడవంతా ఆ వరుసల్లోంచి వాడకం అనే ఒక్క అంకెను ఎవరికి తోచినట్టు వాళ్లు లెక్కకట్టడంలో ఉంది.

మీ మెషిన్‌లో మొత్తం 7,700 ఎంబీ అనుకుందాం. (ఎనిమిది జీబీ అని కొన్నది 7,700 ఎందుకైందని మళ్లీ ఉత్తరం రాయకండి. గ్రాఫిక్స్ చిప్పుకి, ఫర్మ్‌వేర్‌కి, కెర్నల్‌కి ముందే కొంత పక్కన పెట్టేస్తారు.) అందులో పూర్తి ఖాళీ 600 ఎంబీ. మీ స్క్రిప్ట్ మొత్తంలోంచి ఖాళీని తీసేసి మిగిలిన 7,100ని వాడకం అంటోంది. అదీ మీ 92 శాతం. అందులో క్యాష్ కూడా కలిసిపోయింది. అడిగిన వెంటనే తిరిగి ఇచ్చేయగలిగినదాన్ని కూడా ఖర్చు కింద రాసేసింది. సిస్టమ్ మానిటర్ ఆ క్యాష్‌ని పక్కన పెట్టి లెక్కవేస్తుంది. అందుకే అక్కడ 45 కనబడుతోంది.

అయితే క్యాష్ మొత్తం తీసేసి చూస్తే చాలదా అంటే, చాలదు. చాలామంది స్క్రిప్టు రాసుకునేటప్పుడు ఇక్కడే బోల్తా పడతారు. మెమ్‌ఇన్‌ఫోలో క్యాష్ అని కనబడే అంకెలో షేర్డ్ మెమరీ, టెంప్‌ఎఫ్‌ఎస్ కూడా కలిసే ఉంటాయి. టెంప్‌ఎఫ్‌ఎస్ అంటే ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్. కొన్ని లినక్స్ పంపిణీల్లో, ఉదాహరణకి ఫెడోరాలో, ఆర్చ్‌లో, టెంప్ ఫోల్డర్ ఇలా ర్యామ్‌లోనే ఉంటుంది. అక్కడ మీరు ఒక రెండు జీబీ వీడియో పడేశారనుకోండి, అది క్యాష్ లెక్కలో చేరుతుంది. కానీ దానికి డిస్క్ మీద నకలు లేదు. కెర్నల్ దాన్ని వదిలేయలేదు, మహా అయితే స్వాప్‌లోకి తోయగలదు. కాబట్టి క్యాష్ అంతా ఖాళీ కిందే జమ అనుకునే స్క్రిప్ట్, మెమరీ నిజంగా అయిపోతున్న సమయంలో కూడా ఇంకా బోలెడుందని చెబుతుంది. మీ స్క్రిప్ట్ అనవసరంగా భయపెడుతోంది, ఇలాంటిది అనవసరంగా ధైర్యం చెబుతుంది. రెండింటిలో రెండోదే ప్రమాదం.

ఈ తికమక పోగొట్టడానికే 2014లో వచ్చిన 3.14 కెర్నల్ నుంచి మెమ్‌అవైలబుల్ అనే వరుసను చేర్చారు. స్వాప్ జోలికి పోకుండా కొత్త ప్రోగ్రాములకి ఎంత మెమరీ ఇవ్వగలనో కెర్నల్ తనే అంచనా వేసి చెప్పే అంకె ఇది. పూర్తి ఖాళీ, వదిలేయగలిగిన క్యాష్, కెర్నల్ సొంత నిల్వల్లో తిరిగి ఇవ్వగలిగిన భాగం కలిపి, అందులోంచి తప్పనిసరిగా ఉంచుకోవాల్సినది తగ్గించి చెబుతుంది. అంచనాయే కానీ, మనం బయట నుంచి కూడికలు తీసివేతలు చేసి రాబట్టేదానికంటే ఎంతో నయం. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లకి మాత్రం ఒక తేడా ఉంది. దాని క్యాష్ వేరే పద్ధతిలో ఉంటుంది కాబట్టి అది వాడకం కిందే పడుతుంది. మీకు ఆ బెడద ఉన్నట్టు లేదు.

మెమరీ లెక్క చెప్పే ఫ్రీ అనే కమాండు చూపే వాడకం అంకె కూడా కాలాన్ని బట్టి మారింది. ఆ కమాండు వచ్చే ప్రాక్‌పీఎస్ ప్యాకేజీ 4.0 నుంచి మొత్తంలోంచి అవైలబుల్‌ని తీసేసి వాడకం అంటోంది. అంతకుముందు ఖాళీ, బఫర్లు, క్యాష్ తీసేసేవారు. రెండు మెషిన్లలో ఒకే కమాండు రెండు రకాలుగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. అందుకే ఆ గడిని వదిలేసి, చివర ఉండే అవైలబుల్ గడినే చూడండి. ఏ వెర్షన్‌లోనైనా దాని అర్థం ఒకటే.

బార్ విషయానికి వస్తే, మీరు ఐత్రీ వాడుతున్నారు కాబట్టి బయటి స్క్రిప్టు అవసరమే లేదు. బార్‌కి సమాచారం అందించే ఐత్రీస్టేటస్‌లోనే మెమరీ మాడ్యూల్ ఉంది. అందులో వాడకాన్ని లెక్కకట్టే పద్ధతి ఎంచుకునే సెట్టింగు ఒకటుంది. దానికి క్లాసికల్, మెమ్‌అవైలబుల్ అని రెండు విలువలు. రెండోది పెట్టండి. ఇంకా మంచిది, వాడకం అన్న మాటే ఎత్తకుండా అవైలబుల్‌ని నేరుగా చూపించమనండి. శాతంగా కూడా వద్దు, జీబీల్లో, ఒక్క దశాంశంతో. ఎందుకంటే బార్ వైపు చూసేటప్పుడు మనకి కావాల్సింది ఇప్పుడు రెండు జీబీల వర్చువల్ మెషిన్ తెరవొచ్చా, లేదా అన్నదానికి జవాబు. 3.9 అని కనబడితే జవాబు దొరికినట్టే. 49 శాతం అని కనబడితే మళ్లీ మనసులో గుణించుకోవాలి. ఎనిమిది జీబీల మెషిన్‌లో పది శాతం మిగలడం, అరవై నాలుగు జీబీల మెషిన్‌లో పది శాతం మిగలడం ఒకటి కాదు కదా. రెండోదానిలో ఇంకా ఆరు జీబీలు పైగా ఉన్నాయి.

అదే మాడ్యూల్‌లో రెండు హద్దులు పెట్టుకోవచ్చు. మిగిలింది మొదటి హద్దు కిందకి వస్తే ఒక రంగు, రెండో హద్దు కిందకి వస్తే ఇంకో రంగు. మీ మెషిన్‌కి ఒక జీబీ దగ్గర పసుపు, 500 ఎంబీ దగ్గర ఎరుపు సరిపోతాయి. మామూలు సమయంలో ఏ రంగూ లేకుండా మిగతా అక్షరాల్లాగే ఉంచండి. చాలామంది 60 దాటితే పసుపు, 80 దాటితే ఎరుపు అని పెట్టుకుంటారు. దాంతో రోజంతా ఏదో ఒక రంగు వెలుగుతూ ఉంటుంది. వారం తిరక్కుండా కన్ను దానికి అలవాటు పడిపోయి, నిజంగా ఎర్రబడిన రోజున కూడా చూడదు.

ఎన్ని సెకన్లకోసారి అన్నదానికి నా జవాబు, ఐదు నుంచి పది. మెమ్‌ఇన్‌ఫో చదవడం చాలా చౌక పని, దాని వల్ల మెషిన్ అలిసిపోదు. కానీ నెట్‌లో దొరికే స్క్రిప్టుల్లో చాలావాటి తీరు వేరు. ఒక్క అంకె కోసం మూడు నాలుగు ప్రోగ్రాములను పుట్టించి, ఒకదాని నోట్లోది ఇంకోదాని చెవిలో వేయించి, చివరికి ఫలితం తెస్తాయి. అది సెకనుకోసారి జరుగుతుంటే ప్రాసెసర్ గాఢ నిద్రలోకి జారే అవకాశం తగ్గుతుంది, బ్యాటరీ మీద నడిచేటప్పుడు దాని ప్రభావం ఎంతో కొంత పడుతుంది. పైగా సెకనుకోసారి మారే అంకె పని మీంచి చూపు లాగేస్తుంది. స్క్రిప్టే ఉంచుకోవాలనుకుంటే ఒకే ఒక్క ఆక్ (ఫైల్‌లోంచి కావాల్సిన ముక్క తీసి ఇచ్చేది) కమాండుతో ఆ ఫైల్ చదివి, ఒక్క అంకె ముద్రించేలా కుదించండి. అంకె వెడల్పు కూడా స్థిరంగా ఉంచండి. లేకపోతే 9.8 కాస్తా 10.1 అయినప్పుడల్లా బార్‌లో పక్కనున్నవన్నీ ఇటూ అటూ జరుగుతాయి. చిన్న సంగతే, కానీ చిరాకు పుట్టిస్తుంది.

వేరే బార్లు వాడే పాఠకులు కూడా ఉంటారు కాబట్టి రెండు ముక్కలు. వేబార్‌లో మెమరీ మాడ్యూల్ ఏమీ చెప్పకపోతే 30 సెకన్లకోసారి మారుతుంది. తక్కువ మెమరీ ఉన్న మెషిన్‌లో దాన్ని కొంచెం తగ్గించుకోవచ్చు. పాలీబార్‌లో కూడా లోపలే మాడ్యూల్ ఉంది. ఎక్స్‌మోబార్‌లో విరామాన్ని సెకనులో పదో వంతుల్లో రాయాలి. 10 అని రాసి పది సెకన్లనుకునేవాళ్లు చాలామంది, నిజానికి అది ఒక్క సెకను. కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాపుల్లో ప్యానెల్‌కి కలిపే విడ్జెట్లు, ప్లగిన్లు ఉన్నాయి, గ్నోమ్‌లో అయితే ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. వీటిలో ఏదైనా వేసుకున్న వెంటనే అది చూపే వాడకం అంకెను ఫ్రీ కమాండులోని అవైలబుల్‌తో ఒకసారి సరిచూసుకోండి. రెండూ కలిపితే సుమారు మొత్తం రావాలి. రాకపోతే అది క్యాష్‌ని ఎటో కలిపేస్తోందన్నమాట.

మాక్ వాళ్ల సంగతి కొంచెం వేరు. అక్కడ యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెషర్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది, పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో. ఎంత నిండిందన్న అంకె కంటే ఆ రంగే ముఖ్యమని ఆపిల్ ఉద్దేశం, నాకూ అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. 2013లో వచ్చిన మావెరిక్స్ నుంచి మాక్ వాడని పేజీలను (మెమరీ ముక్కలను) ర్యామ్‌లోనే కుదించి పెడుతుంది కాబట్టి, అక్కడ నిండుగా కనిపించడం మరీ మామూలు విషయం. విండోస్‌లో టాస్క్ మేనేజర్‌లోని అవైలబుల్ అంకె చూడాలి. స్టాండ్‌బై అని ఉండేది లినక్స్ పేజ్ క్యాష్ లాంటిదే.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన భాగానికి వస్తాను. మెషిన్ బిగుసుకుపోవడం. మీరు 92 శాతం గురించి ఐదారు వాక్యాలు రాసి, దీని గురించి రెండే రాశారు. నేనైతే తిరగేసి రాసేవాణ్ణి.

మెమరీ నిండటం వేరు, మెమరీ చాలక ఇబ్బంది పడటం వేరు. నిండినా ఇబ్బంది లేకుండా రోజులు గడిచిపోతాయి. ఇబ్బంది ఎప్పుడు మొదలవుతుందంటే, కెర్నల్ ఒక పేజీని బయటికి తోసిన మరుక్షణమే అది మళ్లీ కావాల్సి వచ్చినప్పుడు. దాన్ని తెచ్చుకోవడానికి ఇంకోదాన్ని తోయాలి, అదీ వెంటనే కావాలి. ఇలా ప్రోగ్రాములన్నీ డిస్క్ దగ్గర వరసలో నిలబడిపోతాయి. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. మీకు జరిగింది దాదాపుగా ఇదే అయి ఉండాలి. మిగిలిన మెమరీ ఎంత అన్న అంకె ఒక్కటే దీన్ని పట్టించలేదు.

స్వాప్ వాడకం చూస్తే తెలియదా అని అడగొచ్చు. స్వాప్‌లో 800 ఎంబీ ఉందని కంగారుపడేవాళ్లు కూడా నాకు రాస్తుంటారు. ఎప్పుడో తెరిచి వదిలేసిన ప్రోగ్రాముల పేజీలు అక్కడ పడుంటాయి, ఎవరూ అడగకపోతే అక్కడే ఉంటాయి. అది మంచిదే, ఆ మేరకు ర్యామ్ పనికొచ్చేవాటికి దొరికింది. చూడాల్సింది స్వాప్‌లో ఎంత ఉందని కాదు, ఎంత వేగంగా లోపలికీ బయటికీ తిరుగుతోందని. వీఎంస్టాట్ కమాండుని ఒక సెకను విరామంతో నడిపితే ఎస్‌ఐ, ఎస్‌ఓ అనే రెండు గడుల్లో ఆ రాకపోకలు కనిపిస్తాయి. మొదటి వరుసను పట్టించుకోకండి, అది మెషిన్ ఆన్ చేసినప్పటి నుంచి సగటు. ఆ తర్వాతి వరుసల్లో సున్నాలు, ఎప్పుడైనా ఒక చిన్న అంకె ఉంటే బాధలేదు. వరుసపెట్టి వేలల్లో వస్తుంటేనే బాధ. ఇంకో సంగతి, మీ పంపిణీలో జీర్యామ్ ఉంటే స్వాప్ డిస్క్ మీద ఉండదు, ర్యామ్‌లోనే కుదించి ఉంటుంది. ఫెడోరా 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి ఇదే పద్ధతి పాటిస్తోంది. అక్కడ స్వాప్ వాడకం చూసి అసలు కంగారు పడనక్కర్లేదు.

ఇంతకంటే సూటిగా చెప్పే అంకె ఒకటుంది. బార్‌లో పెట్టుకోవడానికి నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఫేస్‌బుక్ ఇంజినీర్లు తయారుచేయగా 2018 డిసెంబరులో విడుదలైన 4.20 కెర్నల్‌లో చేరిన ప్రెషర్ స్టాల్ ఇన్ఫర్మేషన్, పొట్టిగా పీఎస్‌ఐ. ప్రాక్ ఫోల్డర్‌లోనే ప్రెషర్ అనే ఉపఫోల్డర్‌లో మెమరీ అని ఒక ఫైల్ ఉంటుంది. అందులో రెండే వరుసలు. సమ్ అనే మొదటి వరుస, మెమరీ కోసం కనీసం ఒక్క ప్రోగ్రామైనా ఆగిపోయి గడిపిన సమయం ఎంత శాతమో చెబుతుంది. ఫుల్ అనే రెండో వరుస, పనిలో ఉన్నవన్నీ ఒకేసారి ఆగిపోయిన సమయం ఎంతో చెబుతుంది. గత పది సెకన్లకి, అరవై సెకన్లకి, మూడు వందల సెకన్లకి వేరువేరుగా సగటులు ఇస్తుంది.

ఇందులో ఉన్న అందమేమిటంటే క్యాష్, బఫర్, స్వాప్, జీర్యామ్ అన్న గొడవలన్నీ దాటి, మనకి కావాల్సిన ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: మెమరీ చాలక పని ఆగుతోందా, లేదా? మామూలుగా ఇది 0.00 దగ్గరే ఉంటుంది. కాబట్టి దీన్ని ఎప్పుడూ చూపించనక్కర్లేదు. సమ్ వరుసలో పది సెకన్ల సగటు 10 దాటితేనే బార్‌లో ప్రత్యక్షమయ్యేలా నాలుగు లైన్ల స్క్రిప్టు రాసుకోండి. 10 అన్నది శాసనమేమీ కాదు, మీ మెషిన్ ఎప్పుడు నెమ్మదిస్తున్నట్టు అనిపిస్తుందో గమనించి మార్చుకోండి. ఆ ఫైల్ కనబడకపోతే మీ పంపిణీవాళ్లు ఆ సదుపాయాన్ని ఆపి ఉంచారని అర్థం. బూట్ చేసేటప్పుడు పీఎస్‌ఐ ఈక్వల్స్ ఒకటి అన్న పారామీటర్ ఇస్తే చాలాచోట్ల తెరుచుకుంటుంది.

ఇంత చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి. మెషిన్ పూర్తిగా బిగుసుకుపోయే సమయానికి మీ బార్ కూడా బిగుసుకుపోతుంది. అదీ ఒక ప్రోగ్రామే, దాని పేజీలూ అదే వరసలో ఇరుక్కుంటాయి. చివరిసారి రాసిన అంకెనే చూపిస్తూ ఉండిపోతుంది. అందుకే ఆ చివరి క్షణానికి బార్‌ని నమ్ముకోకూడదు, కాపలా వేరే పెట్టాలి. కెర్నల్‌లో ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ అని ఒకటి ఎప్పటి నుంచో ఉంది. మెమరీ ఇక ఎక్కడా దొరకదని తేలాక ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది. కానీ అది మరీ ఓపికమంతురాలు. దానికి పరిస్థితి అంతగా చెయ్యిదాటినట్టు అనిపించేలోపే డెస్క్‌టాప్ వాడేవాడి ఓపిక అయిపోయి పవర్ బటన్ మీద చెయ్యి పడుతుంది.

దానికి ముందే మేలుకునే చిన్న సర్వీసు ఎర్లీఊమ్. మిగిలిన ర్యామ్, మిగిలిన స్వాప్ రెండూ 10 శాతం కిందకి దిగితే, ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రోగ్రామ్‌ని మర్యాదగా మూసుకోమంటుంది. 5 శాతం కిందకి దిగితే బలవంతంగా ఆపేస్తుంది. సిస్టమ్‌డీ వాళ్ల ఊమ్‌డీ అయితే ఇందాక చెప్పిన పీఎస్‌ఐ అంకెల్ని కూడా చూసి నిర్ణయిస్తుంది. 2021లో వచ్చిన ఫెడోరా 34 నుంచి అది ముందే ఆన్ అయి వస్తోంది. మీ మెషిన్‌లో ఈ రెండింటిలో ఏదైనా ఇప్పటికే నడుస్తోందేమో చూసి, లేకపోతే ఒకటి వేసుకోండి. రెండూ ఒకేసారి వద్దు. సేవ్ చేయని పని ఉన్న ప్రోగ్రామే పోవచ్చు, అది నిజమే. కానీ పవర్ బటన్ నొక్కితే అన్నిట్లోనూ సేవ్ చేయని పని పోతుంది.

ఆ రోజు ఏం జరిగిందో ఖాయం చేసుకోవాలంటే సిస్టమ్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్‌ని కె ఆప్షన్‌తో పాటు బి ఆప్షన్‌కి మైనస్ ఒకటి ఇచ్చి నడిపితే, అంతకుముందు బూట్‌లో కెర్నల్ రాసుకున్న సందేశాలు వస్తాయి. ఇప్పటికి చాలాసార్లు రీబూట్ చేసి ఉంటే ఆ మైనస్ అంకెను పెంచుకుంటూ వెనక్కి వెళ్లాలి. అందులో అవుట్ ఆఫ్ మెమరీ అన్న మాట కనిపిస్తే ఏ ప్రోగ్రామ్ బలైందో కూడా అక్కడే రాసి ఉంటుంది. ఏమీ లేకపోయినా మెమరీ కారణం కాదని చెప్పలేం. ఓఓఎం కిల్లర్ మేలుకోకముందే మీరు ఆపేసి ఉండొచ్చు.

బార్ ఎర్రబడితే ఎవరి వల్ల అన్నది తెలియాలి. అది బార్ పని కాదు. ఐత్రీ బ్లాక్స్, పాలీబార్ లాంటివాటిలో అంకె మీద క్లిక్ చేస్తే హెచ్‌టాప్ (నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపేది) తెరుచుకునేలా పెట్టుకోవచ్చు. అందులో పెద్ద ఎమ్ నొక్కితే మెమరీ ప్రకారం వరుస మారుతుంది. రెస్ అనే గడి చూడండి. విర్ట్ అనే గడిలో పదుల జీబీలు కనబడినా పట్టించుకోవద్దు, అది ప్రోగ్రామ్ తన పేరున రాయించుకున్న చిరునామాల లెక్క మాత్రమే. రెస్ అంకెల్ని కూడా కలిపి కూడకండి. బ్రౌజర్‌కి ఇరవై ప్రాసెస్‌లుంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న మెమరీ ఇరవైసార్లు లెక్కలోకి వస్తుంది. ఉమ్మడి భాగాన్ని వాటాలు పంచి చూపే పీఎస్‌ఎస్ అంకె కావాలంటే ఎస్‌మెమ్ అనే ప్రోగ్రామ్ ఉంది. అయితే మామూలు అవసరానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ ప్రాసెసెస్ పేజీ, క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజర్ ఏ ట్యాబ్ ఎంత మింగుతోందో చెప్పేస్తాయి. బ్రౌజర్ మూసినా దిగడం లేదన్నారు. అందులో ఎక్కువ భాగం మీ స్క్రిప్ట్ క్యాష్‌ని లెక్కించడమే. మిగతాది, మూసేశాక కూడా వెనక నడవడానికి బ్రౌజర్‌కి మీరు తెలియక ఇచ్చిన అనుమతి కావొచ్చు, సెట్టింగుల్లో చూసుకోండి.

అవైలబుల్ అంకె ఒకే రకం పనికి రోజురోజుకీ తగ్గుతూ పోతే మాత్రం ఏదో ప్రోగ్రామ్ మెమరీ లీక్ చేస్తోందని (తీసుకున్నది తిరిగి ఇవ్వడం లేదని) అనుమానించాలి. దాన్ని బార్‌లో పట్టలేరు, బార్ ఇప్పటి సంగతే చెబుతుంది, నిన్నటిది గుర్తుంచుకోదు. నిమిషానికోసారి ఆ అంకెను, టైముతో సహా ఒక ఫైల్‌కి చేర్చుకుంటూ పోయే చిన్న టైమర్ పెట్టుకుంటే సరిపోతుంది.

ర్యామ్ సంగతి. మీ మిత్రుడు 92 చూసి చెప్పి ఉంటే ఆ సలహా పక్కన పెట్టండి. మామూలు పనిలో సగానికి పైగా మిగులుతోంది, అదేం తక్కువ కాదు. పెంచాలా వద్దా అన్నది తేలాల్సింది వర్చువల్ మెషిన్ దగ్గర. ముందు దాని సెట్టింగుల్లో ఎంత మెమరీ ఇచ్చారో చూడండి. నాలుగు జీబీలు ఇచ్చి ఉంటే, బ్రౌజర్ తెరిచి ఉండగా అది పట్టదు. రెండుకి తగ్గించి పని జరుగుతుందేమో చూడండి. తగ్గించడానికి వీల్లేకపోయినా, తగ్గించాక కూడా రెండూ కలిసి నడిచినప్పుడల్లా మిగిలింది 500 ఎంబీ కిందకి దిగి పీఎస్‌ఐ పైకి లేస్తున్నా అప్పుడు పెంచుకోండి. వర్చువల్ మెషిన్ నెలకోసారి తెరిచే మనిషైతే ఆ కాసేపు బ్రౌజర్ మూసుకుంటే సరిపోతుంది. కొనేముందు డీఎంఐడీకోడ్ కమాండుని మెమరీ ఆప్షన్‌తో నడిపి స్లాట్లు ఎన్ని ఉన్నాయో, ఏ రకం ర్యామ్ ఉందో చూసుకోండి. ఆ తర్వాత మీ మోడల్ మాన్యువల్ కూడా ఒకసారి తిరగేయండి. పల్చటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు. అలాంటిదైతే పెంచుకునే ప్రశ్నే రాదు.